వాయ్ లారా నర్సమ్మ గుర్రం

వాయ్ లారా,
1988 సెప్టెంబరు 11

దోము మామయ్యకు,

యోవా నమస్కారాలు. మీరు పంపిన గుర్రం బుధవారం చేరింది. తోలుకొచ్చిన మనిషి తాడు నా చేతిలో పెట్టి, వక్కాకు ఇస్తానన్నా ఆగకుండా వెళ్ళిపోయాడు. ఎందుకంత తొందరో మర్నాడు తెలిసింది. గడ్డి వెయ్యబోతే నా భుజం కొరికింది. గాయానికి నేనే మందు రాసుకున్నాను, ఊళ్ళో నర్సునీ మంత్రసానినీ నేనే కదా.

నేను అడిగింది నెమ్మదైన ముసలి గుర్రం. మీరు పంపింది మనిషి వీపున ఎక్కితే ఏమిటో తెలియని మూడేళ్ళ కుర్ర గుర్రం. పొరపాటున వేరేదాన్ని తోలారేమో అనుకున్నాను. కానీ మీరు గుర్రాల విషయంలో పొరపాటు పడే మనిషి కాదు.

నాకు గుర్రం ఎందుకో మళ్ళీ చెబుతాను. నా కింద ఎనిమిది ఊళ్ళున్నాయి. ఆరోగ్య కేంద్రం వాళ్ళిచ్చిన మోటారు సైకిలు ఎండాకాలంలో నాలుగు ఊళ్ళకి పోతుంది, వానాకాలంలో ఒక్కదానికీ పోదు. పోయిన జనవరిలో ఏటికి అవతల ఒకామె రెండు రోజులు నొప్పులు పడింది. నేను మందుల సంచీతో ఇవతలి గట్టున నిలబడ్డాను. నీళ్ళు తగ్గాక వెళ్ళేసరికి బిడ్డ లేదు. ఆ తల్లి నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

మన దీవిలో ఈ వైపు వాళ్ళంతా గేదెల మీద బతికేవాళ్ళు. గుర్రాలున్నవాళ్ళు తక్కువ, మచ్చిక చేసేవాళ్ళు అసలే లేరు. డిసెంబరులో వానలు పడతాయి. మీరొక రెండు వారాలు వచ్చి దీన్ని దారిలో పెట్టి వెళ్ళండి. మీకోసం కాఫీ గింజలు దాచాను. చిన్నప్పుడు "ఆడపిల్లవి, దొడ్లోకి రాకు" అని నన్ను తరిమారు కాబట్టి నాకు కంచె బయటినుంచి చూసిన విద్య తప్ప ఏదీ రాదు. ఆ తప్పు మీదే, వచ్చి దిద్దుకోండి.

మొక్కజొన్న రంగులో ఉందని దీనికి ఆ పేరే పెట్టి, జాగుంగ్ అని పిలుస్తున్నాను.

మీ మేనకోడలు,
యోవా


లాయి వాటు,
సెప్టెంబరు 27

అమ్మాయి యోవాకు,

మామయ్య దీవెనలు. ఉత్తరం అందింది. రావడం కుదరదు. ఇక్కడ రెండు గుర్రాలు ఈనడానికి ఉన్నాయి, మోకాలు కూడా కాస్త పట్టేసింది. పొరపాటున తోలలేదు. నీకు పంపాలనే పంపాను.

గుర్రానికి తిండి పేరు పెట్టేదేమిటి? నలుగురిలో పిలిస్తే నవ్వరూ?

నేను రాసినట్టు చెయ్యి. రాయనిది చెయ్యకు. ముఖ్యంగా, నేను చెప్పేదాకా ఎక్కకు.

ముందు సామాను చూసుకో. తాడు నైలానుది వద్దు, అరచేయి కోసేస్తుంది. కొబ్బరి పీచుది గానీ, చెట్టు నారతో పేనినది గానీ చూడు. రెండు బారల పొడవుండాలి. కళ్ళెం ఇనుము కమ్మరి దగ్గర కొట్టించు, నోటి కొలత నాలుగు వేళ్ళూ ఒక గోరూ. నున్నగా ఉండాలి, నీ నాలుక మీద పెట్టుకుని చూసుకో, నీకు గుచ్చుకుంటే దానికీ గుచ్చుకుంటుంది. వీపు మీదికి బూరుగు దూది కుట్టిన మెత్త ఒకటి. ఒంటికి రుద్దడానికి గట్టి బ్రష్షు. తవుడు, రాళ్ళుప్పు. అంతే. పట్నంలో తోలు జీను అమ్ముతామంటే నవ్వి వచ్చెయ్యి.

సామాను దొరికేలోపు రోజూ పొద్దున దాని దొడ్లో ఒక రాయి మీద కూర్చో. దాని వైపు చూడకు. అరచేతిలో ఉప్పు పెట్టుకో. అది వచ్చి నాకేదాకా లేవకు. ఎన్ని రోజులు పట్టినా సరే. వచ్చాక పట్టుకోవద్దు. నువ్వే లేచి వచ్చెయ్యి.

ఇదేం విద్య అంటావేమో. ఇదే విద్య.

మామయ్య


వాయ్ లారా,
అక్టోబరు 19

మామయ్యా,

తొమ్మిది రోజులు కూర్చున్నాను. పదో రోజున వచ్చింది. ఉప్పు నాకి, నా జుట్టు వాసన చూసి, ఆవలించింది. మీరు చెప్పారు కాబట్టి లేచి వచ్చేశాను. నా వెనకే గేటు దాకా నడిచింది. ఇంట్లోకి వచ్చి తలుపేసుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇక సామాను కథ వినండి. సంత లారీ ఎక్కి పట్నం వెళ్ళి, రేవు దగ్గర జంతువుల సామాను అమ్మే బాబా సెంగ్ కొట్టుకి పోయాను. కుక్క గొలుసులున్నాయి, పావురాల గూళ్ళున్నాయి, కోడిపిల్లల మేత మూడు రకాలుంది. గుర్రానివి ఏవయ్యా అంటే ఆయన ముక్కు మీది కళ్ళజోడు పైకి తోసి,

"గుర్రాలకా? ఈ దీవిలో మనుషులకంటే గుర్రాలెక్కువ, కానీ వాటి సామాను ఎవరూ కొనరమ్మా. తాతలిచ్చిందే వాడతారు. నువ్వెవరి తాలూకు?" అన్నాడు.

తాతలు నాకేమీ ఇవ్వలేదని చెప్పాను. అరలన్నీ వెతికి, పెద్ద కుక్కల్ని తోమే బ్రష్షు తీసిచ్చాడు. అది జాగుంగ్‌కి మహా ఇష్టం. మా కుక్కకి అసూయ పుట్టి, దాన్నీ తోమేదాకా ఊరుకోవడం లేదు. దాని మెడకు పట్టా కూడా అక్కడే కొన్నాను, పిడుదుల మందుతో సహా. తాడు ఆయన దగ్గర లేదు. రేవులో పడవలవాళ్ళ నడిగితే ఒక ముసలాయన తన లంగరు తాడులోంచి రెండు బారలు కోసిచ్చాడు. తవుడు బియ్యం మిల్లులో దొరికింది. మెత్త నేనే కుట్టాను, కుట్లు చూస్తే మీరు తిడతారు.

కళ్ళెం దగ్గరే కష్టమొచ్చింది. సావు అనే పక్క దీవి నుంచి వచ్చి సంత దగ్గర కొలిమి పెట్టుకున్న కమ్మరి, రివు ఆయన పేరు. నా మొహం చూడకుండానే,

"మీ ఆయన్ని పంపమ్మా, గుర్రం నోటి కొలత మగాళ్ళతో మాట్లాడాల్సిన విషయం" అన్నాడు.

"మా ఆయన లేడు. కొలత నేనే తెచ్చాను, నాలుగు వేళ్ళూ ఒక గోరూ" అన్నాను.

"ఎవరు చెప్పారీ లెక్క?"

"మా మేనమామ. లాయి వాటు దోము."

సుత్తి ఆగింది. "గుర్రాల దోము మేనకోడలివా? ముందే చెప్పొద్దూ" అని బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. అక్కడే కూర్చోబెట్టుకుని కళ్ళెం చేసిచ్చాడు. నేను నాలుక మీద పెట్టుకుని చూస్తుంటే కొలిమి దగ్గరున్నవాళ్ళంతా నోళ్ళు తెరిచారు.

వచ్చేటప్పుడు ఆయనో మాటన్నాడు: "మే నెలనుంచి దోము లేచి తిరగడం లేదటగా, ఎలా ఉన్నాడు?" మోకాలు పట్టేసిందని చెప్పాను. పట్టేసిన మోకాలు అయిదు నెలలుంటుందా మామయ్యా?

యోవా


లాయి వాటు,
నవంబరు 4

యోవాకు,

కమ్మరి తిత్తికీ కమ్మరి నోటికీ తేడా లేదు. రెండూ ఊదుతూనే ఉంటాయి. నా మోకాలి సంగతి వదిలి గుర్రం సంగతి చూడు.

పదో రోజున వచ్చిందంటే బాగానే ఉంది. నాకైతే వారంలో వచ్చేది. సరే, నీకిది మొదటిది.

ఇప్పుడు తలకి తాడు వెయ్యి. తాడు వేశాక లాగకు. కాస్త బిగించి పట్టుకో, అంతే. అది విసుక్కుంటుంది, తల ఎగరేస్తుంది, నిన్ను తిడుతుంది. పట్టుకునే ఉండు. ఎప్పుడో ఒక అడుగు నీ వైపు వేస్తుంది. ఆ అడుగు నేల తాకేలోపే తాడు వదులు చెయ్యాలి. ఆలస్యమైతే నేర్చుకోదు. జనం లాగడం విద్య అనుకుంటారు. గుర్రం నేర్చుకునేది నువ్వు వదిలినప్పుడు. పట్టుకున్నప్పుడు కాదు.

తర్వాత పాత గోనెసంచీతో ఒళ్ళంతా రుద్దు, రెండు వైపులా. కుడివైపు ఒప్పుకున్నది ఎడమవైపు ఒప్పుకోదు, దానికి రెండు బుర్రలున్నాయనుకో. కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి గిట్టల్లో రాళ్ళు తియ్యి. నాలుగు కాళ్ళూ గొడవలేకుండా ఇచ్చిన రోజున ఏట్లోకి తీసుకుపో. ఛాతీ మునిగే నీళ్ళలో నిలబెట్టు. నీళ్ళలో అది ఎగరలేదు, ఎగిరినా అలిసిపోతుంది, పడినా నీకు దెబ్బ తగలదు. ముందు వీపు మీద చెయ్యి వాల్చు. మర్నాడు ఒళ్ళు వాల్చు. మూడో రోజున ఎక్కు. ఎక్కాక ఏమీ చెయ్యకు. దాని మెడ నిమిరి దిగిపో.

ఎక్కినది ఎప్పుడో రాయి.

మామయ్య


వాయ్ లారా,
నవంబరు 25

మామయ్యా,

ఎక్కాను. పదహారో తేదీన, పొద్దున. రెండుసార్లు నీళ్ళలో పడ్డాను, మూడోసారి పడలేదు. గట్టు మీద బట్టలుతికేవాళ్ళు చప్పట్లు కొడితే జాగుంగ్ వాళ్ళ వైపు తిరిగి చెవులు నిక్కించింది, తన కోసమే అనుకుంది. ఇప్పుడు ఒడ్డున కూడా నడుస్తోంది. ఎడమకి తిరుగుతుంది, కుడికి తిరుగుతుంది, "హో" అంటే ఆగుతుంది. పిల్లల టీకాల కోసం రెండు ఊళ్ళు దాని మీదే వెళ్ళొచ్చాను.

ఒక సంగతి మాత్రం మీ ఉత్తరాల్లో లేదు. ఎడమవైపు నుంచి నా చెయ్యి పైకి లేస్తే చాలు, అది వణుకుతుంది. జూలు సవరించడానికి లేచినా సరే. జూలు కింద ఒక గీత ఉంది, వెంట్రుకలు మొలవని గీత. ఎవరో కొరడాతో గట్టిగా కొట్టారు. అడవి గుర్రానికి మనిషంటే భయముంటుంది గానీ, ఒక్క వైపే ఉండదు.

నిన్న సంత లారీ డ్రైవరు దీన్ని చూసి బండి ఆపాడు. "ఇదింకా బతికే ఉందా? మేలో పందేల మైదానంలో దోముని ఎత్తి పడేసింది ఇదేగా. అంతమంది ముందు. నడుం కింద ఎముక విరిగిందన్నారు" అన్నాడు.

మామయ్యా, నేను ఒంటరిగా ఉండే మనిషిని. మీ ఎముక విరగ్గొట్టిన గుర్రాన్ని ఒక్క మాట చెప్పకుండా నా గుమ్మంలో కట్టేయించారు. ఎందుకు? గుర్రం సంగతి మీరు చెప్పక్కర్లేదు, అదే చెప్పింది. మీ సంగతి మీరు చెప్పండి.

యోవా


లాయి వాటు,
డిసెంబరు 10

తల్లీ,

నాలుగు కాయితాలు చింపాను. ఇది అయిదోది.

నిజమే. తుంటి ఎముక విరిగింది. గోడ పట్టుకుని వాకిట్లోకి వస్తాను, అంతవరకే. ఇక గుర్రం ఎక్కను.

ఆ రోజు మైదానంలో ఎవరో అన్నారు, దోము ముసలాడైపోయాడు, ఇప్పుడు పిల్లగుర్రాలకి ఉప్పు తినిపించుకుంటూ కూర్చుంటున్నాడని. నాకు రోషమొచ్చింది. పొద్దున్నే దొడ్లోకి తెచ్చిన గుర్రాన్ని మధ్యాహ్నానికల్లా ఎక్కి చూపిస్తానన్నాను. నలభై ఏళ్ళు నేనెవరికీ చెయ్యొద్దని చెప్పిన పని. అది ఒప్పుకోలేదు. కొట్టాను. ఎడమ చేత్తో, నా చేతివాటం నీకు తెలుసు. మూడో దెబ్బకి ఎత్తి పడేసింది. నేనైనా అదే చేసేవాణ్ణి.

కిందపడి ఉన్నప్పుడు జనం అది రాక్షసి గుర్రం అన్నారు. నేను కాదనలేదు. కాదంటే నా తప్పు ఒప్పుకోవాలి. మన పెద్దలు వచ్చి, ఇది మనిషికి పనికిరాదు, మన వంశంలో అందరికంటే పెద్దవాడైన ముసలి తాత పోయినప్పుడు సమాధి దగ్గర కోద్దాం, దాన్నెక్కి పై లోకానికి వెళ్తాడు అన్నారు. అప్పుడూ నోరెత్తలేదు. కానీ కట్టుకొయ్య దగ్గర నిలబడి అది నా వైపు చూసే చూపు చూడలేకపోయాను. ఒక మనిషి చేత దొంగచాటుగా కొండల మీదుగా నీ దగ్గరికి తోలించాను. వాళ్ళకి పారిపోయిందని చెప్పాను.

నీకే ఎందుకంటావా? చిన్నప్పుడు నేను తరిమాక నువ్వు కంచె అవతల కూర్చునేదానివి. సాయంత్రానికి గుర్రాలన్నీ ఆ పక్కకే చేరేవి. చూసి కూడా చూడనట్టున్నాను. ఆ విద్య ఇంకొకరికి అంత తేలిగ్గా ఉండటం నాకు నచ్చలేదు. అదీ నిజం.

నీకు భయంగా ఉంటే దాన్ని పచ్చికలో వదిలెయ్యి. ఇంకో గుర్రం చూసి పంపుతాను. తిట్టాలనుంటే తిట్టు. జవాబు మాత్రం రాయి.

దోము


వాయ్ లారా,
1989 జనవరి 22

మామయ్యా,

మీ ఉత్తరం చదివి మూడు వారాలు జవాబు రాయలేదు. కోపంతోనే. అది గుర్రాన్ని కొట్టినందుకు కాదు, ఎనిమిది నెలలు ఒక్కరే మంచం మీద పడి ఉండి నాకు మోకాలు పట్టేసిందని రాసినందుకు. నేను ఎముకల గురించి చదువుకున్న మనిషినే.

ఇప్పుడు రాయకపోతే ఉండలేను. పన్నెండో తేదీన ఏరొచ్చింది. ఎర్రటి నీళ్ళు, చెట్ల కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. మధ్యాహ్నం అవతలి గట్టు నుంచి ఒకతను రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. హోరులో ఒక్క మాటే వినపడింది, రక్తం అని. అతని భార్య కాయాకి పొద్దున బిడ్డ పుట్టింది, తర్వాత రక్తం ఆగడం లేదు. దానికి నా దగ్గర సూది మందుంది. మందు ఇవతల ఉంది, మనిషి అవతల.

జాగుంగ్‌ని తెచ్చాను. గట్టు మీద పెద్దాయన ఒకాయన కళ్ళెం పట్టుకుని ఆపాడు.

"నర్సమ్మా, నీకు పిచ్చా? దిగితే ఇద్దరూ పోతారు. ఆమె రాత ఎలా ఉంటే అలా అవుతుంది."

"ఆమె రాత నా సంచీలో ఉంది పెద్దాయనా. తాడు వదులు" అన్నాను.

సంచీ తలకు కట్టుకుని ఎక్కాను. నీళ్ళ అంచున అది ఆగిపోయింది. కాళ్ళు బిగదీసింది. దాని గుండె నా మోకాళ్ళకి కొట్టుకుంటోంది. మడమతో పొడవాలనిపించింది మామయ్యా, నిజంగా అనిపించింది, అవతల మనిషి పోతోంది. పొడవలేదు. పగ్గం వదులు చేసి కూర్చున్నాను. అది నీళ్ళు వాసన చూసింది. ఒక అడుగు వేసింది. మెడ నిమిరాను. తర్వాత దానంతట అదే దిగింది.

నడిమధ్యన కాళ్ళ కింద నేల పోయింది. జూలు పట్టుకుని వీపు మీద బోర్లా పడుకున్నాను. చెవులూ ముక్కూ తప్ప నాకేమీ కనపడలేదు. మమ్మల్ని ఒక కొబ్బరితోట పొడవునా కిందికి ఈడ్చుకుపోయింది ఏరు. ఒకసారి కొమ్మ తగిలి తల మునిగింది, తేలింది. నేనేమీ నడపలేదు. ఆ ఏరు దాటింది అదే, నేను పట్టుకుని ఉన్నానంతే.

అవతల గట్టెక్కాక అది వణుకుతూ నిలబడింది. అయినా నేను దిగి సంచీ విప్పేదాకా కదల్లేదు. కాయా మొహం తెల్లగా పాలిపోయి ఉంది. సూది వేసి, పొత్తికడుపు నొక్కి పట్టుకుని కూర్చున్నాను. పొద్దు వాలేలోపు రక్తం ఆగింది. ఆమె కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట "పిల్ల పాలు తాగిందా?" అని. తాగింది. ఆడపిల్ల. ఇప్పుడు తల్లి లేచి కూర్చుని గంజి తాగుతోంది.

బయటికి వస్తే ఊరంతా గుర్రం చుట్టూ ఉంది. ఒకామె తన పైగుడ్డతో దాన్ని తుడుస్తోంది. ఎవరో అడిగారు, ఈ గుర్రాన్ని మచ్చిక చేసిన మగాడెవరని.

నేనే చేశానన్నాను. ఇంకా రెండుసార్లు అడిగించుకుని, రెండుసార్లూ చెప్పాను. ఎంత బాగుందో చెప్పలేను.

ఎలా చెయ్యాలో చెప్పింది మాత్రం మా మామయ్య అని కూడా చెప్పాను. మీరు నాకు మంచి గుర్రాన్నిచ్చారు. ఇక నాకు ఇంకోటి వద్దు.

ఎముక డాక్టరుకి ఒక కాయితం రాసి దీంతో పెడుతున్నాను. లారీలో మెత్త వేయించుకుని పట్నం వెళ్ళండి. ఇప్పుడు నేను రాసినట్టు మీరు చెయ్యాలి. రాయనిది చెయ్యకండి.

మీ యోవా


లాయి వాటు,
ఫిబ్రవరి 20

అమ్మాయి యోవాకు,

దీవెనలు. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చంకలో పెట్టుకునే కర్ర ఇచ్చాడు. నడుస్తున్నాను, కుంటుకుంటూ. అది నీ గెలుపు, ఒప్పుకుంటున్నాను.

ఇక్కడ జరిగింది రాస్తాను. ముసలి తాత ఈ నెల మొదట్లో పోయాడు. నిండు బతుకు బతికాడు. పెద్దలు పన్నెండుమంది నా వసారాలో చాపలేసుకుని కూర్చున్నారు. ఏటి సంగతి లారీ డ్రైవరు నోట ఈ దీవంతా తిరిగింది కదా, గుర్రం ఎక్కడుందో వాళ్ళకీ తెలిసిపోయింది. వాళ్ళలో పెద్దవాడు, మన హీనా అన్న మొదలెట్టాడు.

"దోము, పారిపోయిందన్నావు. మేనకోడలి దొడ్లో తేలింది. తాతకి మాటిచ్చిన గుర్రమది. మనుషుల్ని చంపే గుర్రం, ఆ పిల్లనీ ఎప్పుడో పడేస్తుంది. రేపు మనుషుల్ని పంపుతున్నాం, తెస్తారు."

నేను నోట్లో వక్క ఉమ్మేశాను. అందరూ చూస్తున్నారు. తర్వాత కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది.

"ఆ గుర్రం ఎవర్నీ చంపదు. నన్ను పడేసిందంటే, నేను కొట్టాను కాబట్టి. నాలుగు మెచ్చుకోళ్ళ కోసం ఒక్క పూటలో లొంగదీయబోయాను. తప్పు దానిది కాదు, నాది. తొమ్మిది నెలలు మీ ముందు అబద్ధమాడాను. తాతకి గుర్రం కావాలంటే నా దొడ్లో అన్నిటికంటే మంచిదాన్ని ఇస్తాను, నేనెక్కి తిరిగిన నల్లదాన్ని. ఆయన కూడా మంచి గుర్రమెక్కే మనిషే. దీన్ని మాత్రం ముట్టుకోకండి. దీని మీద ఒక తల్లి ప్రాణం ఏరు దాటింది" అన్నాను.

హీనా అన్న చాప మీంచి ముందుకి వంగాడు. "నల్లదాన్నిస్తావా? పదేళ్ళుగా ఎవరినీ దాని మీద చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు" అన్నాడు. ఇస్తానన్నాను. ఇచ్చాను. సమాధి దగ్గర నేనే పట్టుకుని నిలబడ్డాను, అది తల నా భుజం మీద పెట్టి కదలకుండా నిలబడింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

గుర్రాల విషయంలో నేను ఏనాడూ తప్పు చెయ్యనన్న పేరు ఇక పోయిందనుకున్నాను. ఆ పూట ఒక్కరూ నవ్వలేదు. వెళ్ళేటప్పుడు హీనా అన్న ఆగి, "గుర్రం ఎక్కిన మగాళ్ళని చాలామందిని చూశాను దోము, దిగడం తెలిసినవాణ్ణి ఇవాళే చూశాను" అన్నాడు. పందెం గెలిచి గుర్రం మీద కూర్చున్న రోజులకంటే ఆ మాటకి ఎత్తుగా అనిపించింది నాకు.

తర్వాత వాళ్ళు అడిగారు, ఇక నువ్వు ఎక్కవు కదా, ఈ ఏడు మన పిల్లగుర్రాల్ని ఎవరు దారిలో పెడతారని. పన్నెండుమంది మగవాళ్ళు, చిన్నప్పటినుంచీ గుర్రాల మీద పెరిగినవాళ్ళు. వాయ్ లారాలో ఉండే మా మేనకోడలికి రాయండి అన్నాను. ఒకడు గొణిగాడు. నా కర్ర నేల మీద ఒకసారి కొట్టాను, అంతే.

కాబట్టి నీకు ఉత్తరాలు వస్తాయి తల్లీ. మర్యాదగా జవాబు రాయి. కానీ వెంటనే ఒప్పుకోకు, మొదటిసారి తీరిక లేదను, రెండోసారి చూద్దామను. నా దగ్గరికి వచ్చినవాళ్ళెవరూ మూడుసార్లు అడగకుండా నేను సరేననలేదు.

గర్వంతో,
నీ మామయ్య
దోము